యూనిఫాం విప్పాక ఐటీఐ బెంచీ మీద

ఒడిశాలోని మా గజపతి జిల్లాలోనూ, పక్కనే ఉన్న శ్రీకాకుళం పల్లెల్లోనూ మిలట్రీకి వెళ్లిన మనిషి లేని వీధి అరుదు. అందుకే రిటైరై వచ్చినవాడు ఏం చెయ్యాలో అతనికంటే ముందు ఊరికే తెలుసు. బ్యాంకు గుమ్మం దగ్గర తుపాకీతో నిలబడాలి, లేదంటే విశాఖలో ఏ అపార్ట్‌మెంటు గేటు దగ్గరో వచ్చేపోయేవాళ్లతో రిజిస్టరులో సంతకాలు పెట్టించాలి. నేను పదిహేడేళ్ల సర్వీసు ముగించుకుని 2019లో పర్లాకిమిడి వచ్చి, ఎలక్ట్రీషియన్ కోర్సుకి ఐటీఐలో చేరతానంటే మా మావయ్య నవ్వాపుకోలేకపోయాడు.

"ముప్పయ్యారేళ్లొచ్చాయి. నువ్వూ నీ కూతురూ ఒకేసారి పరీక్షలు రాస్తారేటి?" అన్నాడు.

నిజంగానే రాశాం. ఆ సంగతి తర్వాత చెప్తాను.

నేను ఇన్‌ఫాంట్రీలో హవల్దారుగా రిటైరయ్యాను. కరెంటు పని నా ట్రేడ్ కాదు. కశ్మీర్‌లో ఒక పోస్టులో జనరేటర్ చూసుకునే కుర్రాడు సెలవుకి వెళ్లినప్పుడల్లా ఆ డ్యూటీ నాకు పడేది. డీజిల్ పొయ్యడం, చేంజోవర్ స్విచ్ తిప్పడం, బంకర్లకు వెళ్లే కేబుల్ ఎక్కడ దెబ్బతిందో వెతకడం, అంతవరకే. కానీ చీకట్లో కూర్చున్న ముప్పైమందికి లైటు వచ్చిన క్షణాన వినిపించే కేక ఒకటుంటుంది. ఆ కేక వినడం నాకు ఇష్టంగా ఉండేది.

అసలు ఆలోచన తిత్లీ తుపానుతో వచ్చింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున అది పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. మా జిల్లాలో కొండచరియలు విరిగిపడి జనం పోయారు. నేను దసరా సెలవుకి వచ్చేసరికి ఊళ్లో స్తంభాలు లేపుతున్నారు. వేరే జిల్లాల నుంచి వచ్చిన లైన్‌మెన్లు రాత్రీ పగలూ పనిచేశారు. తీరా వీధి స్తంభం దాకా కరెంటు వచ్చాక కూడా సగం ఇళ్లు చీకట్లోనే ఉన్నాయి. సర్వీసు వైర్లు తెగిపోయాయి, మీటరు బోర్డుల్లోకి నీళ్లు దిగాయి, గోడలు నానిపోయి ముట్టుకుంటే షాక్ కొడుతున్నాయి. మీటరు దాటాక లోపలున్నదంతా ఇంటివాళ్ల బాధ్యతే కదా. ఆ పని చేసే ముసలి మేస్త్రి ఒక్కడు మా పేటంతటికీ తిరుగుతున్నాడు. ఆయన వెనక నేను నిచ్చెన మోశాను. సెలవు అయిపోయేలోపు ఏ పని నేర్చుకోవాలో తేల్చేసుకున్నాను.

సర్వీసులో ఉండగానే చివర్లో రీసెటిల్‌మెంట్ కోర్సు ఉంటుంది. రక్షణ శాఖ కింద డీజీఆర్ అని ఒక డైరెక్టరేట్ దీన్ని చూస్తుంది. జవాన్లకూ, జేసీఓలకూ (జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్లకూ) 24 వారాల దాకా ఉండే కోర్సులున్నాయి, ఫీజు మనం కట్టక్కర్లేదు. మా యూనిట్లో ఎక్కువమంది సెక్యూరిటీ, కంప్యూటర్ కోర్సులు రాసుకున్నారు. నేను ఎలక్ట్రికల్ రాశాను. నాకు పడిన సంస్థ పేరు చెప్పను. అక్కడ ప్రాక్టికల్ అంటే గోడకు బిగించిన చెక్క మీద రెండు స్విచ్‌లు, ఒక హోల్డరు. మిగతాదంతా స్లైడ్లు. అయినా ఆ కోర్సు దండగ అనను. పొద్దున్నే వరసలో నిలబడే ఫాలిన్ లేకుండా, సివిల్ బట్టల్లో, ఎవరికీ రిపోర్ట్ చెయ్యకుండా రోజు గడపడం అక్కడే అలవాటైంది. ఆ అలవాటు లేకుండా నేరుగా ఇంటికొచ్చి పడిన స్నేహితులు నాకంటే ఎక్కువ ఇబ్బంది పడ్డారు.

ఆ సర్టిఫికెట్ పట్టుకుని ఊళ్లో పని మొదలుపెట్టొచ్చు, అడిగేవాడు లేడు. కానీ రెండు ప్యానెల్ బోర్డులు విప్పి చూశాక నాకు తెలిసింది ఎంత తక్కువో అర్థమైంది. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్ రెండేళ్లు. పదో తరగతి పాసైతే చాలు, పైన వయసు పరిమితి లేదు. ఒడిశాలో అడ్మిషన్లన్నీ శామ్స్ అనే ఆన్‌లైన్ పోర్టల్ ద్వారానే. అక్కడ నాకు వచ్చిన తిప్పలు పేరుతోనే. పదో తరగతి మార్కుల జాబితాలో ఇంటిపేరు పూర్తిగా ఉంది, డిశ్చార్జి బుక్కులో పొడి అక్షరాలున్నాయి. అఫిడవిట్, జిల్లా సైనిక బోర్డు కాగితం, మళ్లీ జిరాక్సులు. సర్వీసులో ఉన్న తమ్ముళ్లకి ఒక్కటే మాట: పేరు, పుట్టిన తేదీ రికార్డు ఆఫీసులో సరిచేయించుకోవాలంటే యూనిట్లో ఉండగానే చేయించుకోండి. బయటికొచ్చాక ఉత్తరానికి జవాబు రావడమే గగనం.

సీటు బరంపురం ప్రభుత్వ ఐటీఐలో వచ్చింది. తుక్కు ఇనుముతో చేసిన పెద్ద పెద్ద బొమ్మలు పెట్టి ఉంటాయే, అదే. ఊరు నాకు కొత్త కాదు. బరంపురంలో బజారు సగం తెలుగే మాట్లాడుతుంది. క్లాసు ఒడియాలో, పుస్తకం ఇంగ్లీషులో, బెంచీల మీద కబుర్లు తెలుగులో. పక్కన కూర్చున్న కుర్రాళ్లకు పదిహేడు, పద్దెనిమిదేళ్లుంటాయి. మొదటి వారం "సార్" అన్నారు, రెండో వారానికి "మావయ్యా"లోకి దిగారు. ఇన్‌స్ట్రక్టర్ నాకంటే పదేళ్లు చిన్న. ఆయన లోపలికి రాగానే నా కాళ్లు వాటంతటవే సావధాన్‌లోకి వెళ్లిపోయేవి. ఆయనకు సిగ్గు, కుర్రాళ్లకు నవ్వు. నా కింద ఒక సెక్షన్ ఉండేదన్న సంగతి మర్చిపోవడం కష్టమేమీ కాలేదు. కష్టమైంది వేరే. పట్టాళంలో ఒక పని ఎందుకో అడగకుండా చేస్తాం. ఇక్కడ ఎందుకో అడగకపోతే మార్కులు రావు.

ఎలక్ట్రీషియన్ అంటే మొదటి రోజే వైర్లు చేతికిస్తారనుకున్నాను. మొదట్లో కరెంటు జోలికే పోనివ్వరు. బెంచ్ వైస్‌లో ఇనుప పట్టీ బిగించి ఆకురాయితో రాయడమే. నాలుగు వైపులా చదునుగా, మూలలు తొంభై డిగ్రీలకు రావాలి. ట్రై స్క్వేర్ ఆనించి వెలుతురుకి ఎత్తి చూస్తారు. సందులోంచి సన్నటి వెలుగు కనబడితే మళ్లీ మొదటికి. తర్వాత చెక్క పని. ఆ తర్వాత వైరు జాయింట్లు: మ్యారీడ్, బ్రిటానియా, వెస్టర్న్ యూనియన్. వెస్టర్న్ యూనియన్‌లో రెండు కొసల్నీ ఒకదాని మీద ఒకటి వేసి, ఒక్కో కొసనీ అవతలి వైరు చుట్టూ పక్కపక్కనే బిగించి చుట్టాలి. ఎంత లాగితే అంత బిగుసుకోవాలి. చలికి మొద్దుబారిన నా వేళ్లకి ఆ సన్నపని పట్టుబడటానికి చాలా రోజులు పట్టింది. పక్క కుర్రాడు ఫోనులో పాట వింటూ చుట్టేసేవాడు. ఆ జాయింట్లు ఈ రోజుల్లో ఇంటి వైరింగ్‌లో ఎవరూ వెయ్యరు, అన్నీ కనెక్టర్లే. కానీ వదులు జాయింట్ అంటే ఏమిటో వేళ్లకి తెలియడానికి అంతకంటే మంచి పాఠం లేదని ఇప్పుడనిపిస్తుంది. నేను చూసిన కాలిపోయిన బోర్డుల్లో చాలావాటికి మూలం వదులు స్క్రూయే.

వర్క్‌షాప్ కాలిక్యులేషన్ దగ్గర టెన్షన్ పడ్డాను. వర్గమూలాలు, పవర్ ఫ్యాక్టర్, కాస్ ఫై. మా అమ్మాయి ఆరో తరగతి. భిన్నాలు దానికి నేను చెప్పాలి, నాకు అది చెప్పేది. అర్ధ సంవత్సరం పరీక్షలు ఇద్దరికీ ఒకే నెలలో పడ్డాయి. మావయ్య ఫోన్ చేసి దాని మార్కులు అడిగి, నావి అడక్కుండా పెట్టేశాడు.

2020 మార్చిలో లాక్‌డౌన్ పడింది. హాస్టళ్లు ఖాళీ చేయించారు. థియరీ ఫోనులోకి వచ్చింది, ప్రాక్టికల్ గాల్లో కలిసింది. మోటారు వైండింగ్‌ని వీడియోలో నేర్చుకోవడం నా వల్ల కాలేదు. నేను పర్లాకిమిడి వచ్చి, కాస్త సడలింపులు రాగానే, తిత్లీ అప్పుడు నిచ్చెన మోసిన మేస్త్రి దగ్గరికే వెళ్లాను. డెబ్బైకి దగ్గరపడిన మనిషి. చదువు ఐదో క్లాసు.

ఆయన పద్ధతి ఒకటి చెప్తాను. ఇంట్లో పనికి వెళ్లగానే మెయిన్ ఆపి, పింగాణీ ఫ్యూజు పీకి లుంగీ మడతలో దోపుకునేవాడు. మధ్యాహ్నం భోజనానికి వెళ్లినా అది ఆయన దగ్గరే. "స్విచ్చి ఎవడైనా ఏసేత్తాడు. ఇది నా కాడుంటే ఎవడేటి సేత్తాడు?" అనేవాడు. తర్వాత టెస్ట్ ల్యాంపు తీసి, ముందు కరెంటున్న చోట వెలిగించి చూసేవాడు, అప్పుడు ఆపిన చోట పెట్టేవాడు, మళ్లీ కరెంటున్న చోట చూసేవాడు. మూడుసార్లు. నియాన్ టెస్టరు చేతికిస్తే పక్కన పెట్టేసేవాడు. "ఇది ఎలిగితే నమ్ము. ఎలగలేదని మాత్రం సెయ్యెట్టకు." మా ఐటీఐ పుస్తకంలో భద్రత అధ్యాయంలో ఇదంతా ఉంది. పేజీ చూపిస్తే ఆయన, "అయితే రాసినోడికి తెలుసన్నమాట" అన్నాడు.

పట్టాళంలో మందుపాతర తీసేవాళ్ల దగ్గర చూసిన క్రమశిక్షణే ఇది. తేడా ఏమిటంటే అక్కడ క్రమం తప్పితే పక్కవాడు అరుస్తాడు, పైవాడు శిక్ష వేస్తాడు. ఇక్కడ లుంగీలో ఫ్యూజు దోపుకోమని చెప్పే అధికారి ఎవడూ లేడు. ఇంటివాళ్లయితే "ఫ్రిజ్ కరిగిపోతోంది, తొందరగా వెయ్యండి" అని తొందరపెడుతూనే ఉంటారు. యూనిఫాంలో జాగ్రత్త అంటే ఆర్డరు. బయట అదే జాగ్రత్తని బతిమాలి అమ్ముకోవాలి. ఈ రెండోది నాకు ఏ కోర్సులోనూ నేర్పలేదు.

ఫైనల్ పరీక్షలు ఆలస్యంగా జరిగాయి, కంప్యూటర్ మీద. సర్టిఫికెట్ వచ్చాక పర్మిట్ కోసం కూర్చున్నాను. చాలామందికి తెలియని విషయం ఇది. లైసెన్సున్న కాంట్రాక్టరు ద్వారా, సర్టిఫికెట్ ఉన్న సూపర్‌వైజరు పర్యవేక్షణలో, పర్మిట్ ఉన్న పనివాడే వైరింగ్ చెయ్యాలని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనలు చెప్తాయి. 2010 నాటివి ఉండేవి, వాటి స్థానంలో 2023లో కొత్తవి వచ్చాయి. ఒడిశాలో ఆ పర్మిట్ ఇచ్చేది భువనేశ్వర్‌లోని లైసెన్సింగ్ బోర్డు. ఊళ్లో పనిచేసే పదిమందిలో ఎంతమందికి అది ఉందో అడగొద్దు. నేను తీసుకున్నాను. మా మేస్త్రి పరిచయం చేసిన ఒక కాంట్రాక్టరు కింద చేరాను.

సరిహద్దు ఊళ్లో దీనికో తిరకాసు ఉంది. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి ఇటొచ్చింది, పాతపట్నం అటే ఉండిపోయింది. రెండింటి మధ్యా సైకిలు మీద వెళ్లొచ్చేంత దూరం. మా పెళ్లిళ్లు, పేరంటాలు సగం అటే. కరెంటు మాత్రం ఇటు టాటా పవర్ వాళ్ల దక్షిణ ఒడిశా డిస్కం ఇస్తుంది, అటు విశాఖ కేంద్రంగా ఉన్న తూర్పు డిస్కం ఇస్తుంది. పర్మిట్లు కూడా ఏ రాష్ట్రానివి ఆ రాష్ట్రానివే. పాతపట్నంలో మా పిన్ని ఇల్లు కట్టుకుంటూ "ఇంట్లోనే ఎలక్ట్రీషియను ఉన్నాడు" అని సంబరపడింది. అక్కడి లైసెన్సున్న కాంట్రాక్టరుతోనే చేయించమన్నాను. ఆవిడ ఏడాది నాతో సరిగా మాట్లాడలేదు.

ఇక అసలు పని. కోట వైపు ఒక పాత ఇల్లు. సాయంత్రమైతే లైట్లు డల్ అవుతున్నాయి, వాషింగ్ మెషిన్ ముట్టుకుంటే జివ్వుమంటోంది అని పిలిచారు. సాకెట్ విప్పితే ఎర్త్ టెర్మినల్‌కి బయటి నుంచి వైరు రాలేదు. ఎర్త్‌కీ న్యూట్రల్‌కీ మధ్య బెత్తెడు వైరు ముక్క బిగించి ఉంది. మా వైపు ఇది మామూలే. ఎర్త్ గొయ్యి లేనిచోట మూడో పిన్ను ఖాళీగా ఉంటే బాగుండదని ఎవరో ఒకరు చేసే పని. దీంతో మెషిన్ రేకుకి న్యూట్రల్ తగిలించినట్టవుతుంది. న్యూట్రల్ బాగున్నన్నాళ్లూ ఎవరికీ ఏమీ తెలియదు. అది వదులైన రోజు, వెలుగుతున్న బల్బుల గుండా ఫేజు వెనక్కి వచ్చి ఆ రేకు మీదకి చేరుతుంది. పూర్తిగా ఊడితే 230 వోల్టులూ బాడీ మీదే ఉంటాయి. తడి చేతులతో బట్టలు తీసే మనిషి ముట్టుకునేది ఆ బాడీనే. మెయిన్ స్విచ్ దగ్గర చూస్తే అల్యూమినియం వైరూ రాగి వైరూ కలిపి మెలేసి టేపు చుట్టారు. టేపు విప్పితే లోపల తెల్లటి పొడి. ఆ రెండు లోహాలూ తేమ తగిలేచోట నేరుగా కలిస్తే జాయింట్ అలాగే తినేసిపోతుంది. లైట్లు డల్ అవడానికి కారణం అదే.

జాయింట్ సరిచేశాను, ఆ వైరు ముక్క తీసేశాను. ఎర్త్ గొయ్యి తవ్వి సాకెట్లన్నింటికీ పచ్చ వైరు లాగాలి, కరెంటు లీకైతే సప్లై ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టాలి అన్నాను. ఆ ఇంటబ్బాయి అడిగాడు:

"ఇప్పుడు మెషిన్ తిరుగుతుందా అంకుల్?"

"తిరుగుతుంది."

"షాక్ కొడుతుందా?"

"ఇప్పటికి లేదు. లోపల వైరు ఎక్కడైనా గీరుకుపోతే కొడుతుంది."

"అప్పుడు పిలుస్తాం లెండి."

అప్పుడు పిలవడానికి మనిషి ఉండాలి కదా అని నోటిదాకా వచ్చింది. వాళ్లమ్మ పక్కనే ఉంది, మింగేశాను. రెండుసార్లు నచ్చజెప్పాను. వాళ్లు ఒప్పుకోలేదు. మూడో పిన్ను ఖాళీగా ఉందని, ఎర్త్ లేదని, బోర్డు మీద మార్కర్‌తో రాసి, బిల్లు మీద కూడా రాసి వచ్చాను. ఆ తర్వాత వాళ్లు వేరే అతన్ని పెట్టుకున్నారు.

ఆర్‌సీసీబీతో ఇంకో రకం గొడవ. అది ఫేజులో వెళ్లిన కరెంటూ న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటూ సమానంగా ఉన్నాయా అని చూస్తుంది. తేడా వస్తే పడిపోతుంది. పాత ఇళ్లలో ఇన్వర్టర్ పెట్టినప్పుడు న్యూట్రల్స్ అన్నీ ఎడాపెడా కలిపేసి ఉంటారు. కరెంటు ఒకదాని గుండా వెళ్లి ఇంకోదాని గుండా వస్తుంది. ఆర్‌సీసీబీ పెట్టిన రోజు రాత్రే పడిపోతుంది, తెల్లారేసరికి "నాసిరకం సామాను పెట్టావు" అని ఫోను. ఇప్పుడు నేను ముందే వైర్ల ఇన్సులేషన్ చూసే మెగ్గర్ పెట్టి, న్యూట్రల్స్ విడదీసి, ఆ పనికి విడిగా కూలి చెప్పి, ఒప్పుకుంటేనే మొదలుపెడతాను. కొందరు ఒప్పుకోరు. పెన్షన్ వస్తుంది కాబట్టి వదులుకోగలుగుతున్నాను. పెన్షన్ లేని కుర్రాడు ఆ పని వదులుకోలేడు, ఎర్త్‌కీ న్యూట్రల్‌కీ మధ్య ఆ వైరు ముక్కే బిగించి వస్తాడు. వాణ్ణి తప్పుపట్టడానికి నాకు నోరు రాదు.

గొయ్యి తవ్వడంలో మాత్రం నాకు పోటీ లేదు. మహేంద్రగిరి వైపు నేలంతా రాళ్లు. రెండున్నర మీటర్ల జీఐ పైపు దిగాలి, చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలు వెయ్యాలి, నీళ్లు పొయ్యడానికి పైన గరాటు ఉండాలి. కూలీలు నడుము దాటగానే రాయి తగిలిందని ఆపేస్తారు. పట్టాళంలో మోర్చాలు, అంటే కందకాలు, తవ్విన చేతులకి అదేం పెద్ద పని కాదు. అయితే వేసవిలో ఎర్త్ టెస్టరు పెడితే రీడింగ్ పైకి పోతుంది. నీళ్లు పొయ్యమని చెప్పినా ఎవరూ పొయ్యరు. తులసికోట పక్కన గొయ్యి తవ్వితే రోజూ నీళ్లు పడతాయని ఒక ముసలావిడ సలహా ఇచ్చింది. వీలున్న ఇళ్లలో ఇప్పుడు అదే చేస్తున్నాను.

2024లో పీఎం సూర్యఘర్ వచ్చాక మిద్దెల మీద సోలార్ పని కూడా తగులుతోంది. కేంద్రం రెండు కిలోవాట్లకి 60 వేలు, మూడు కిలోవాట్లూ ఆ పైన 78 వేల రూపాయలు సబ్సిడీ ఇస్తోంది. ఇక్కడ కొత్తగా నేర్చుకోవాల్సి వచ్చింది డీసీ. ఇంటి ఏసీ కరెంటు సెకనుకి వందసార్లు సున్నాకి వస్తుంది, అందుకే స్విచ్ తీసినప్పుడు పుట్టిన నిప్పురవ్వ ఆరిపోతుంది. డీసీ సున్నాకి రాదు. కరెంటు పారుతుండగా కనెక్టర్ పీకితే మంట సాగుతూనే ఉంటుంది. పైగా ఎండ ఉన్నంతసేపు ప్యానెల్‌ని ఆపే స్విచ్ ఏదీ లేదు. లుంగీలో దోపుకోవడానికి ఫ్యూజు లేని పని అన్నమాట. మేస్త్రికి చెప్తే మిద్దె ఎక్కి ప్యానెళ్ల చుట్టూ ఓసారి తిరిగి, "గోనిపట్టా కప్పెయ్" అన్నాడు. దళసరి గుడ్డ కప్పడం నిజంగానే ఒక మార్గం, దానితో పాటు డీసీ ఐసోలేటర్ ఆపాలి.

మా అక్క కొడుకు 2023లో అగ్నివీర్‌గా వెళ్లాడు. నాలుగేళ్లకి నూటికి పాతికమంది దాకానే ఉంచుకుంటారు. మిగతావాళ్లు సేవానిధి డబ్బు, సుమారు 11.71 లక్షలు, పట్టుకుని ఇంటికొస్తారు. పెన్షన్ లేదు. నాకు రెండేళ్లు ఐటీఐలో కూర్చునే తీరిక పెన్షన్ ఇచ్చింది, వాడికి ఆ డబ్బే ఇవ్వాలి. అందులో సగం కారుకి పోసెయ్యకుండా ఆపడమే ఇప్పుడు మా అక్క పని. వాడు ఫోను చేసినప్పుడల్లా, జనరేటర్ డ్యూటీ వస్తే తప్పించుకోకు, చేసిన ప్రతి కోర్సు కాగితం దాచుకో అని చెప్తున్నాను. పోయినసారి సెలవుకి వచ్చినప్పుడు నాతో ఒక ఇంటి వైరింగ్‌కి వచ్చాడు. గోడ గాడి కొట్టడం మధ్యాహ్నానికే విసుగేసింది. "మావయ్యా, సోలార్ అయితే చేస్తాను, ఈ గోడలు కొట్టడం నా వల్ల కాదు" అన్నాడు. ముందు ఆకురాయి పట్టాలని ఇంకా చెప్పలేదు.